మట్టిలో తిరగడానికని అమ్మి, మట్టి అంటిందని వారంటీ కాదంటే ఎలా?

ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలు తయారుచేసే కంపెనీల సర్వీసు విభాగాల అధిపతులకు, రాష్ట్ర రవాణా శాఖ అధికారులకు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

విషయం: ఆఫ్‌రోడ్ వాహనాలకు వారంటీ తిరస్కరణ, విడిభాగాల కొరత, వరద సాయానికి వెళ్లిన బండ్లకు నష్టపరిహారం గురించి.

ఆర్యా,

నేను ఇందుకూరుపేట మండలంలో రొయ్యల సాగు చేస్తాను. పొదలకూరు వైపు కొంచెం నిమ్మతోట ఉంది. ఈ రెండింటి మధ్య తిరగడానికి 2021 వేసవిలో ఒక డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి, కొన్నాను. సరదాకు కొన్నది కాదు. వాన పడితే చెరువు గట్ల మీదికి మామూలు కారు రాదు. మోటారు సైకిల్ మీద మేత బస్తాలు, జనరేటరుకు డీజిల్ క్యాన్లు మోయలేం. ట్రాక్టరు వరసగా తిరిగితే గట్టు కుంగుతుంది. అందుకే అప్పు చేసి మరీ ఈ బండి తీసుకున్నాను.

దాని విషయంలో సర్వీసు సెంటరుకు రాసిచ్చాను, కంపెనీ వారికి మెయిల్ పంపాను, ప్రాంతీయ అధికారితో ఫోనులో మాట్లాడాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. పని మాత్రం జరగలేదు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. వేరే కంపెనీల బండ్లున్న మా వైపు రైతులు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల వాళ్లు చెప్పే గోడు కూడా ఇదే కాబట్టి, ఈ లేఖ అందరికీ వర్తిస్తుంది.

ముందుగా బండి గురించి న్యాయంగా చెప్పవలసిన మాట చెబుతాను. ఇంజను ఇంతవరకు నన్ను దారిలో నిలబెట్టలేదు. లో గేరు వేస్తే నిండు బరువుతో, జారే రేగడి గట్టు మీద, ఆక్సిలరేటరు తొక్కకుండానే మనిషి నడిచే వేగంతో సాగిపోతుంది. తారురోడ్డు మీద లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తే గట్ల మీద ఏడెనిమిదికి మించదు. అది తెలిసే కొన్నాను. టైర్లు తొందరగా అరుగుతాయి. వెనక సీటు సుఖం గురించి మా అమ్మను అడిగితే మీకు నచ్చని జవాబే వస్తుంది. వీటి మీద నాకు ఫిర్యాదు లేదు. బండిని గట్టిగానే చేశారు. అమ్మిన తర్వాత దాన్ని చూసుకునే ఏర్పాటు చేయలేదు.

మొదటి పేచీ నీళ్ల దగ్గర వచ్చింది. మీ ప్రకటనలో బండి వాగును చీల్చుకుంటూ పోతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో అర మీటరు దాటిన లోతు వరకు నీళ్లలో నడపవచ్చని అచ్చువేసి ఉంది. మా చెరువుల దారిలో వానాకాలం నిలిచేది మోకాలి లోతు నీళ్లు, అంటే మీరు చెప్పిన పరిమితికి లోపలే. రెండో ఏడాది ముందు యాక్సిల్ నుంచి సన్నని కూత మొదలైంది, వేగం పెరిగితే అదీ పెరిగేది. సర్వీసు సెంటరులో క్రౌన్ (యాక్సిల్ మధ్యలో గేర్లుండే భాగం) కింది బోల్టు విప్పగానే, జిగటగా నల్లగా కారవలసిన గేరు ఆయిల్ పాలెక్కువైన టీలా నురగతో కారింది.

నీళ్లు ఎలా వెళ్లాయో తెలియని రహస్యమేమీ కాదు. పరుగులో క్రౌన్ హౌసింగ్ వేడెక్కుతుంది. ఆ వేడి మీద చల్లటి నీళ్లలోకి దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి బయటి నుంచి పీల్చుకుంటుంది. అలా పీల్చినప్పుడు గాలి మాత్రమే రావాలని బ్రీదర్ గొట్టం పెడతారు. దాని నోరు బురదతో పూడుకుపోతే ఆ పీల్పు ఆయిల్ సీళ్ల మీద పడుతుంది, వాటి అంచుల గుండా నీళ్లు లోపలికి వస్తాయి. నా బండిలో గొట్టం నోట ఎండిన మట్టి బిరడాలాగా బిగుసుకుపోయి ఉంది. దాన్ని శుభ్రం చేయాలన్న మాట సర్వీసు షెడ్యూలులో ఎక్కడా లేదు. ప్రతి సర్వీసూ వారి దగ్గరే, వారు చెప్పిన గడువులోనే చేయించాను. అయినా జాబ్‌కార్డు మీద ‘నీటిలో మునిగిన వాహనం, వాడకంలో లోపం, వారంటీ వర్తించదు’ అని రాసి, యాక్సిల్ అసెంబ్లీ మొత్తం మార్చాలంటూ లక్షన్నర దాటిన అంచనా చేతిలో పెట్టారు.

నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ బేరింగులు, సీళ్లు మార్చాడు. బజారులో దొరికే రబ్బరు గొట్టం ఒకటి తెచ్చి బ్రీదర్‌ను బానెట్ కింద ఎత్తుకు లాగి క్లిప్పు వేశాడు. కంపెనీ అంచనాలో పదో వంతు కూడా కాలేదు. ఆ తర్వాత వానాకాలాలు గడిచినా ఆయిల్ రంగు మారలేదు. మీ ఇంజనీర్లకు ఈ కిటుకు తెలియదని నేను అనుకోను. తెలిసీ ఫ్యాక్టరీలో ఆ గొట్టాన్ని మూరెడు పొడుగు ఎందుకు వేయరన్నదే నా ప్రశ్న.

రెండోది ఉప్పు. మా గట్ల మట్టిలో ఉప్పు, గాలిలో ఉప్పు, బోరు నీళ్లలోనూ ఉప్పే. ‘బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో తరచూ కడగండి’ అని సలహా ఇస్తారు. తాగే నీళ్లే క్యాన్లలో కొనుక్కునే చోట బండి కడగడానికి మంచినీళ్లు ఎక్కడి నుంచి తేవాలి? బండి బరువు మోసే ఛాసీ పట్టీలు లోపల బోలుగా ఉంటాయి, నీళ్లు కారిపోవడానికి అడుగున రంధ్రాలుంటాయి. ఉప్పు బురద ఆ రంధ్రాలను మూసేస్తే తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది, పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. మా పక్క చెరువు రైతు బండిని ఎత్తి, మేస్త్రీ వెనక పట్టీని స్క్రూడ్రైవరు పిడితో వరసగా తట్టుకుంటూ వచ్చాడు. ముందు ఖంగుమంటున్న ఇనుము ఒకచోట మొద్దుగా పలికింది. అక్కడే మొనతో పొడిస్తే పెళ్లలు రాలి, వేలు దూరేంత కన్నం పడింది. అదేమీ ముసలి బండి కాదు. సముద్రపు గాలి వల్ల పట్టే తుప్పుకు పూచీ లేదని వారంటీ కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఉందట. విడవలూరు, ముత్తుకూరు, అల్లూరు, కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం వాళ్లకు బండి అమ్మేటప్పుడు ఆ షరతును షోరూంలో ఎవరైనా చదివి వినిపించారా?

మూడోది సైలెన్సరులో మసి పట్టే ఫిల్టరు, డీపీఎఫ్ అంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లకు ఇది తప్పనిసరి వంటిదైంది. నిబంధనతో నాకు తగాదా లేదు, మా పిల్లలు పీల్చేదీ ఆ గాలే. అయితే ఫిల్టరులో పేరుకున్న మసి కాలిపోవాలంటే లోపల వేడి ఆరు వందల డిగ్రీల ప్రాంతానికి చేరాలి, అందుకు బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. పది, పదిహేను కిలోమీటర్ల వేగంతో పోతూ, చెరువు నీటికి గాలి పట్టించే ఎయిరేటరు ఎయిరేటరుకూ ఆగే బండికి ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఎర్రలైటు వెలుగుతుంది. ఫోను చేస్తే, హైవే ఎక్కి అరవై దాటిన వేగంతో ఒక ఇరవై నిమిషాలు తిప్పి రమ్మంటారు. మేత వేయవలసిన వేళ నేను పదహారో నంబరు జాతీయ రహదారి మీద పనేమీ లేకుండా కావలి వైపు పోయి తిరిగి రావాలన్నమాట. పోకపోతే మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కాలకుండా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది, డిప్‌స్టిక్ మీద తగ్గవలసిన మట్టం పెరుగుతుంది, పలచబడిన ఆయిల్ ఇంజనుకు రక్షణ ఇవ్వదు. ఈ ఫిల్టరునే పీకేసి, కంప్యూటరుకు అబద్ధం చెప్పించే పని కొన్ని షెడ్లలో గుట్టుగా నడుస్తోంది. అది చట్టవిరుద్ధం, నేను చేయించలేదు, చేయించను. ఆ గిరాకీ ఎందుకు పుట్టిందో మాత్రం కంపెనీలు ఆలోచించాలి.

ఇవి ఖరీదైన బండ్లున్న వాళ్ల ముచ్చట్లని ఎవరైనా కొట్టిపారేస్తారేమో. నష్టం ఎవరి దాకా పోతుందో చూడండి.

1. రాత్రి కరెంటు పోతే ఎయిరేటర్లు ఆగిపోతాయి. తెల్లవారుజామున చెరువు నీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ. మనిషి, డీజిల్ వెంటనే జనరేటరు దగ్గరికి చేరకపోతే పొద్దునకు రొయ్య తేలిపోతుంది. విడిభాగం కోసం బండి వారాల తరబడి సర్వీసు సెంటరులో పడి ఉంటే ఆ భయంతోనే నిద్ర ఉండదు. సొంత చెరువున్నవాడు ఎలాగో తట్టుకుంటాడు. వడ్డీకి తెచ్చి కౌలు కట్టినవాడు ఒక్క పంట పోతే ఊరు విడిచిపెట్టవలసిందే.

2. వాన రోజుల్లో 108 వాహనం తారురోడ్డు దగ్గరే ఆగిపోతుంది. పాము కరిచిన కాపలాదారును, నొప్పులు పడుతున్న ఆడమనిషిని గట్ల మీదుగా అక్కడికి చేర్చేది ఈ బండ్లే. క్వారీలో దెబ్బతిన్న కూలీని పైకి తెచ్చేదీ ఇవే. అడిగినవాళ్లకు కాదనలేం, అద్దె పుచ్చుకోలేం.

3. మొదటి యజమాని తుప్పు పట్టిన ఛాసీకి రంగు పూయించి అమ్మేస్తాడు. కొనేది మెట్ట ప్రాంతపు చిన్న రైతు. ఉదయగిరి, కనిగిరి వైపు సెకండ్ హ్యాండ్ బండ్లకు గిరాకీ బాగా ఉంది. ఆయన అందులో మనుషులను ఎక్కించి ఘాట్ రోడ్డు మీద తిప్పుతాడు.

ఇక మా కోరికలు. కోరికలనడం మర్యాద కోసమే. బండికి కంపెనీ అడిగినంత ధర, ప్రభుత్వం అడిగినంత పన్ను కట్టాం కాబట్టి ఇవి హక్కులే.

1. నీళ్లు చేరాయని వారంటీ నిరాకరిస్తే, పుస్తకంలో రాసిన లోతు దాటి నడిపినట్టు రుజువు చేసే బాధ్యత కంపెనీ తీసుకోవాలి. ఏ భాగంలో, ఏ దారిన నీళ్లు వచ్చాయో ఇంజనీరు సంతకంతో రాసివ్వాలి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి బ్రీదర్లు, క్రౌన్ ఆయిల్ తనిఖీ చేయడాన్ని ఈ బండ్ల సర్వీసు షెడ్యూలులో చేర్చాలి. ఇప్పటికే అమ్మిన బండ్లకు బ్రీదర్‌ను ఎత్తుకు మార్చే పని ఉచితంగా చేయాలి. దానికయ్యే ఖర్చు ఒక వార్తాపత్రిక ప్రకటనకయ్యే ఖర్చు ముందు ఎంత?

2. తీర మండలాల్లో అమ్మే ప్రతి బండికి ఛాసీ లోపలి భాగంలో మైనపు పూత వేసి ఇవ్వాలి. పైపైన నల్లరంగు కొట్టి వేలు వసూలు చేసే ‘అండర్‌బాడీ కోటింగ్’ మాకు వద్దు. తుప్పు లోపల పడుతుంటే పూత బయట ఎందుకు?

3. డీపీఎఫ్ మసిని బండి నిలిపి ఉంచి కాల్చుకునేలా డ్రైవరు చేతికి మీట ఇవ్వాలి. భారీ వాహనాల్లో ఈ సదుపాయం ఉంది, కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. అది వచ్చేవరకు కంప్యూటరు పెట్టి మసి కాల్చే పనికి వారంటీ కాలంలో డబ్బు తీసుకోకూడదు.

4. సీలు పోతే సీలు, బేరింగు పోతే బేరింగు విడిగా అమ్మాలి. అసెంబ్లీ మొత్తం కొనమనడం దోపిడీ. ఈ మాట నేనొక్కడినే అనడం లేదు. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి, ఆ సంగతి కోర్టులు చూసుకుంటాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు కోసం పోర్టల్ తెచ్చినప్పుడు అందులో వాహన రంగాన్నీ చేర్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. రెండు వందల సీలుకు బదులు లక్ష రూపాయల అసెంబ్లీ కొనిపిస్తే ఆ తగ్గింపు మా చేతికి ఎలా అందుతుంది?

ఇందులోనే ఇంకొకటి. ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి బిగించగల మనిషి నెల్లూరులో ఒకరు, ఒంగోలులో ఒకరు ఉండాలి. ఇప్పుడు మూత తీయడానికి కూడా బండిని చెన్నై పంపుతామంటున్నారు. లారీ మీద ఎక్కించే ఖర్చు మాదే.

5. యజమాని పుస్తకం తెలుగులో ఇవ్వాలి. నాకిచ్చింది ఇంగ్లీషులో ఉంది. బండి నడిపే డ్రైవర్లలో ఎక్కువమంది దాన్ని చదవలేరు. ఇది చాదస్తమనుకోవద్దు. ముందు చక్రాలను వెనక చక్రాలతో బిగించి తిప్పే ఈ రకం బండ్లలో ఎండిన తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరు వేరు దూరాలు తిరగాలి. ఇసుకలోనో బురదలోనో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారే వీలులేక ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. వానలో పట్టు బాగుంటుందని హైవే మీద వేసి, తర్వాత తీయడం మరిచిపోయి గేర్లు పాడుచేసుకున్నవాళ్లు మా వైపు ఉన్నారు. తాళాలిచ్చే రోజున పూలదండ వేసి ఫొటో తీసే సిబ్బంది ఈ ఒక్క ముక్క చెప్పి పంపితే చాలు.

6. రవాణా శాఖ వారికి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని మాకు తెలుసు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాట గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు అంటోంది. మా ఇబ్బందల్లా, ఏది మార్పు, ఏది మరమ్మతు అన్నది తనిఖీ అధికారిని బట్టి మారుతోంది. బ్రీదర్ గొట్టం ఎత్తు పెంచితే మార్పా? గాలి తీసుకునే గొట్టాన్ని పైకప్పు దాకా లేపితే? ఒక అంగుళం వెడల్పు టైరు వేస్తే? అనుమతి ఉన్నవేవో, లేనివేవో తెలుగులో ఒక జాబితా ప్రతి రవాణా కార్యాలయం గోడ మీద అంటించండి. పాదచారుల ప్రాణాలు తీసే ఇనుప గార్డుల మీద, కళ్లు పోగొట్టే లైట్ల మీద ఎంత కఠినంగా ఉన్నా మాకు అభ్యంతరం లేదు. సముద్రపు ఒడ్డున ఇసుకలో పందేలు పెట్టే కుర్రకారునూ వదలవద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే తీరం ఇది. వాళ్ల వల్ల మాకూ చెడ్డపేరు వస్తోంది.

7. కలెక్టర్లకు. 2021 నవంబరు వరదల్లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు పట్టాలు తెగినప్పుడు, మా వైపు ఈ రకం బండ్లున్న వాళ్లందరికీ ఫోన్లు వచ్చాయి. పాలు, మందులు, కరెంటు సిబ్బంది, డయాలసిస్ రోగులు, ఎవరిని ఎక్కించమంటే వాళ్లను ఎక్కించుకుని వెళ్లాం. అది చెప్పుకోవలసిన గొప్పేమీ కాదు, ఎవరైనా చేస్తారు. నీళ్లలో ఇంజను బిగుసుకుపోయిన బండ్ల గురించి తర్వాత ఎవరూ అడగలేదన్నదే మా బాధ. ఇంజనులోకి నీళ్లు వెళ్లి జరిగే నష్టానికి ప్రత్యేకంగా ప్రీమియం కట్టి ఇంజన్ రక్షణ తీసుకుని ఉంటే తప్ప, మామూలు బీమా వర్తించదంటారు. పిలిచింది ఫోనులో కాబట్టి చేతిలో కాగితం ఉండదు.

2005 విపత్తు నిర్వహణ చట్టంలో దీనికి దారి ఉంది. 65వ సెక్షన్ కింద సహాయ పనులకు ప్రైవేటు వాహనాలను అధికారికంగా తీసుకోవచ్చు, 66వ సెక్షన్ కింద పరిహారం చెల్లించాలి. ప్రతి ఏటా అక్టోబరుకు ముందే మండలాల వారీగా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల జాబితా సిద్ధం చేయండి. తుఫాను హెచ్చరిక వచ్చిన వెంటనే 65వ సెక్షన్ కింద ఉత్తర్వు కాపీ ఇచ్చి పిలవండి. డీజిల్ ఇవ్వండి. బండి పాడైతే మరమ్మతు ఖర్చు ఎవరు ఇస్తారో, ఎన్నాళ్లలో ఇస్తారో ఆ ఉత్తర్వులోనే రాయండి. ఫోను వస్తే ఈసారీ వెళ్తాం. కాగితం ఉంటే ఇంట్లోవాళ్లు అడ్డుపడరు.

కంపెనీల వారికి చివరిగా ఒక మాట. ఈ లేఖకు నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అనే రకం జవాబు వద్దు, పైన రాసిన కోరికల్లో మొదటి ఐదింటికీ విడివిడిగా అవును, కాదు అని చెప్పండి. రాకపోతే, జాబ్‌కార్డులు, అంచనా కాగితాలు, తీసిన ఆయిల్ సీసా పట్టుకుని మేమంతా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 చట్టం ప్రకారం మీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా, మేము కాపురం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. 10 లక్షల నుంచి 20 లక్షల వరకు ఖరీదు చేసే వస్తువుకు అక్కడ కట్టవలసిన రుసుము 400 రూపాయలు.

ఇట్లు,
ఇందుకూరుపేట మండలం నుంచి ఒక ఆక్వా రైతు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల తోటి వాహన యజమానుల తరఫున